సవరణ: అన్ని విత్తనాలకూ అంగుళం లోతు కాదు

పెరట్లో కూరగాయలు కొత్తగా మొదలుపెట్టేవారి కోసం పోయిన ఆదివారం రాసిన పోస్టులో, ఏ విత్తనమైనా అంగుళం లోతున నాటాలని చెప్పాను. అది తప్పు, పొరపాటు నాదే. బెండ, చిక్కుడు వంటి పెద్ద గింజలకు ఆ లోతు సరిపోతుంది గాని, ఆకుకూరలకు పనికిరాదు.

విత్తనం మందానికి రెండు మూడు రెట్ల లోతు అన్నది కూరగాయల సాగు పుస్తకాల్లో సాధారణంగా కనిపించే లెక్క. విశాఖ దగ్గరి పెందుర్తి వైపు ఆకుకూరలు పండించే ఒక రైతు కూడా అదే చెప్పారు, నా అంగుళం మాట విని కాస్త నవ్వారు కూడా. తోటకూర గింజ ఆవగింజంత కూడా ఉండదు. అంత మట్టిని తోసుకుని పైకి వచ్చే బలం దానికెక్కడిది? పొడి ఇసుకలో కలిపి మడిలో చల్లి, అరచేత్తో పైపైన మట్టి సర్దితే చాలు. మన ఎర్రనేల వానకు తడిసి ఎండితే పైన పెచ్చు కడుతుంది కాబట్టి, మొలక కనిపించేదాకా నీళ్లు సన్నటి జల్లుగానే పోయాలి.

ఇంకొకటి. ఆ పోస్టులోనే ‘నేల పదును మీద తవ్వండి’ అంటే, కొందరు వాన వెలిసిన వెంటనే అనుకున్నారు. పదును అంటే మట్టి మరీ తడిగానో, మరీ పొడిగానో లేకుండా ఉండటం. మధురవాడలో ఒకరు అలా తడి మీదే తవ్వితే, ఎండాక మడి ఇటుకలా బిగిసిందట. గుప్పెడు మట్టి పిసికి బొటనవేలితో నొక్కండి. పొడిగా విడిపోతే పార పట్టండి, ముద్దగా ఉంటే ఆగండి. వంగ, టమాటా నారు గురించి రాసినదాంట్లో మార్పు లేదు.