900 మీటర్ల ఎత్తున మానవ విలువలు

మానవ విలువలు సముద్రమట్టం దగ్గర దొరకవన్న సంగతి విశాఖపట్నం కళాశాలలు ఎప్పుడో కనిపెట్టాయి. ఆర్కే బీచ్‌లో ముంతమసాలా బండి దగ్గర వెతకక్కర్లేదు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఏ ఊరివాడో తెలియకపోయినా నష్టం లేదు. విలువలు కావాలంటే సుమారు 115 కిలోమీటర్లు వెళ్ళాలి, 900 మీటర్లు ఎక్కాలి. అంటే అరకు. అక్కడ ఏడు రోజులుంటే విశ్వమానవ సౌభ్రాతృత్వం సర్టిఫికెట్‌తో సహా చేతికొస్తుంది.

ఈ ఏడు రోజుల లెక్క ఊరికే పుట్టలేదు. గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న మొదలైన జాతీయ సేవా పథకంలో వలంటీరు రెండేళ్ళలో 240 గంటలు సేవ చెయ్యాలి, పైన ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. పథకం నినాదం 'నేను కాదు, మీరు'. శిబిరం జరిగే ఊళ్ళో ఇది అక్షరాలా అమలవుతుంది. గునపం పట్టేది నేను కాదు, మీరు.

మొదటి విలువ రైల్లోనే దొరుకుతుంది. కొత్తవలస-కిరండూల్ లైనులో 58 సొరంగాలున్నాయి. చీకటి పడగానే మన కుర్రాళ్ళు కేకలేస్తారు, పక్క పెట్టెలో బెంగాలీ కుటుంబమూ అదే శ్రుతిలో కేకలేస్తుంది. జాతీయ సమైక్యత ఇంత చవగ్గా ఇంకెక్కడా రాదు. బస్సులో వెళ్ళేవాళ్ళకి ఎస్.కోట దాటాక ఘాట్ రోడ్డులో నిమ్మకాయ, పాలిథిన్ కవరు రూపంలో ఇంకో రకం సమైక్యత కలుగుతుంది.

శిబిరానికి ముహూర్తం డిసెంబరు, జనవరి. మంచు బాగుంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. సరిగ్గా అప్పుడే ఊళ్ళో కాఫీ కోతలు. ఎర్రబడ్డ పండు మాత్రమే ఏరి కొయ్యాలి, కోసిన రోజే తొక్క తియ్యాలి, లేకపోతే పులిసిపోతుంది. అయినా ప్రారంభ సభకి జనం కావాలి కదా, పని మానుకుని వచ్చి కూర్చుంటారు. విద్యార్థులు బదులు తీర్చుకుంటామని తోటలోకి వెళ్తే పచ్చికాయలు కూడా దూసి బుట్టలో పోస్తారు. సాయంత్రం వాటిని ఏరడం ఇంటి ఆడవాళ్ళకి అదనపు సేవ.

మొక్కలదీ అదే కథ. మేలో ఒకటిన్నర అడుగు గొయ్యి తీసి, ఎండబెట్టి, పశువుల ఎరువు కలిపి, తొలకరి పడ్డాక నాటితే మొక్క బతుకుతుంది. జనవరిలో అరచెయ్యి లోతు గుంటలో, నర్సరీ కవరు కూడా విప్పకుండా పాతితే అది మొక్క కాదు, సంస్మరణ. పక్కన బ్యానరు మాత్రం అయిదు నెలలు నిలబడుతుంది. మేకలు దాన్ని తినవు.

ఇక బడి గోడ. పాత సున్నం గీకి, ఇసక కాగితం పట్టించి, ప్రైమరు వేసి, ఆరనిచ్చి, అప్పుడు ఎమల్షన్ వెయ్యాలి. పొగమంచుకి చెమ్మెక్కిన గోడకి ఇదంతా రెండు మూడు రోజుల పని. శిబిరంలో దీనికి కేటాయించేది ఆరో రోజు మధ్యాహ్నం. కనక పాత సున్నం మీదే భూగోళం, చుట్టూ చేతులు కలిపిన దేశదేశాల పిల్లలు వెలుస్తారు. వానలకి ముందు సముద్రాలు పొరలుగా రాలతాయి, తర్వాత ఖండాలు. వచ్చే ఏడాది బ్యాచ్ వచ్చి, 'అయ్యో, గోడ ఎంత పాడైందో' అని బాధపడి మళ్ళీ భూగోళం వేస్తుంది. సేవకి కరువు రాకుండా ఇంత పకడ్బందీ ఏర్పాటు మరే రంగంలోనూ లేదు.

నిజానికి అసలైన ఉమ్మడి విలువ బయటపడేది ఇంటింటి సర్వేలో. 'మీ ఆదాయమెంత?' అని తెలుగులో అడుగుతారు, అయిదో తరగతి పిల్లాడు దాన్ని ఆదివాసీ ఒడియాలోకి మారుస్తాడు, పెద్దాయన కాస్త ఆలోచించి తగ్గించి చెప్తాడు. విశాఖ ఎంవీపీ కాలనీలో మన నాన్న ఆడిటర్ ముందు కూర్చుని చేసేదీ సరిగ్గా ఇదే. సంస్కృతులు వేరు, గుండెలు ఒక్కటే.

రెండోది తిండి దగ్గర. చోడి, అంటే రాగి, అంబలి పోస్తే చోడవరం కుర్రాడు దాన్ని 'గిరిజన ఆహారం' అని ఫోటో తీసి, గదిలోకెళ్ళి నూడుల్స్ ఉడకేసుకుంటాడు. వాళ్ళ మామ్మ ఎండాకాలమంతా తాగింది అదే. అయినా ఆ ఇంటావిడ, 'ఇంకాస్త పొయ్యనా బాబూ, ఏటీ తినలేదు' అన్నప్పుడు ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందని వాడికీ అనిపిస్తుంది. అది నివేదికలో రాయడానికి గడి లేదు.

ముగింపు సభలో గిరిజనుల ధింసా నాట్యం ఉంటుంది, శాలువాలుంటాయి. విద్యార్థుల గంటలు రిజిస్టరులో ఎక్కుతాయి. వాళ్ళకి నీళ్ళు మోసిన, బడి గది ఖాళీ చేసిచ్చిన గంటలకి రిజిస్టరు లేదు. ఊరి పెద్ద మైకు పట్టుకుని ఒక్కటే అడుగుతాడు: 'వచ్చే ఏడు జూన్‌లో రండి బాబూ, కోతలుండవు, మొక్కలూ బతుకుతాయి.'

జూన్‌లో మంచు ఉండదని ఆయనకి గౌరవంగా వివరిస్తారు.