మామ సొమ్ము, నా సంతకం

ముందు లెక్క చెప్పేస్తా. మిగతాది చెప్పడానికి ఇంకా కాస్త మొహమాటంగానే ఉంది.

నెల్లూరు వేదాయపాలెంలో ఇల్లు. 20 లక్షల అప్పు, 9 శాతం స్థిర వడ్డీ, ఇరవయ్యేళ్ళ గడువు, నెలకు 17,995 కంతు. పదేళ్ళు కట్టాక ఇంకా బాకీ ఎంతయ్యా అంటే 14 లక్షల 20 వేల పైచిలుకు. కట్టింది 21 లక్షలు దాటింది, అసల్లో కరిగింది ఆరు లక్షలు కూడా లేదు. ఈ ముక్క నేను ఇంట్లో అనడం, అప్పటికే మా మామ అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు అమ్మేసి ఉండటం, "ఆ పీడ వదిలించుకోరా" అని నా ఖాతాలో డబ్బు వేయించడం చకచకా జరిగిపోయాయి. మామంటే పిల్లనిచ్చిన మామే కాదు, మా అమ్మకు తమ్ముడు కూడా. కాబట్టి తిట్టే హక్కు రెండు వైపుల నుంచీ ఉంది.

ముందే తీర్చేస్తే జరిమానా అని అప్పిచ్చిన హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ వాళ్ళు ఫోన్లోనే చెప్పారు. బాకీ మీద 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి 33,500 పైన. మిగిలిన పదేళ్ళకు కట్టాల్సిన వడ్డీ ఏడు లక్షలు దాటుతుంది కాబట్టి జరిమానా పారేసినా లాభమే. కానీ ఊరికే ఎందుకు పారేయాలి? స్థిర వడ్డీ అయినా సరే, హౌసింగ్ ఫైనాన్స్ అప్పును సొంత డబ్బుతో తీరిస్తే జరిమానా వేయకూడదని 2011 నుంచీ నిబంధన ఉంది. బ్యాంకులోనో ఇంకో ఫైనాన్స్ కంపెనీలోనో అప్పు తెచ్చింది కాకపోతే చాలు, ఏ డబ్బయినా సొంత డబ్బు కిందే లెక్క. ఆ నిబంధన ప్రింటు తీయించుకుని ట్రంకు రోడ్డులో ఉన్న వాళ్ళ ఆఫీసుకు బయల్దేరాను. మామ కూడా వచ్చాడు. తన డబ్బు పోయేటప్పుడు కళ్ళారా చూసుకోవాలట.

కౌంటర్లో కుర్రాడు నా పాస్‌బుక్కులో ఒక వరస మీద వేలు పెట్టి ఆగాడు.

"సార్, ఈ పద్నాలుగున్నర లక్షలు ఎవరేశారు?"

"మా మామ."

"అయితే సొంత డబ్బు కాదు గదా సార్."

ప్రింటు చూపించాను. అటు తిప్పి ఖాళీగా ఉన్న వెనక పేజీ కూడా శ్రద్ధగా చదివి, మర్యాదగా తిరిగిచ్చాడు. సిస్టంలో ఆ ఆప్షన్ లేదట. డిక్లరేషన్ రాసివ్వాలట, అది పెద్దాయనకు చదివి వినిపించి సంతకం పెట్టించాలట.

చదివి వినిపించడం! మామకు చెవుడు. మిషను లేక కాదు, వేలు పోసి కొన్నదే ఉంది. బ్యాటరీ అరిగిపోతుందని దానికి రబ్బరు బ్యాండు చుట్టి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. టీవీలో వార్తలకు తప్ప బయటికి తీయడు. కుర్రాడు మొదట మామూలుగా చదివాడు. మామ "ఆఁ?" అన్నాడు. కాస్త గట్టిగా చదివాడు. "ఆఁ?" ఇక కుర్చీలోంచి లేచి, బస్టాండులో కండక్టరు కావలి కావలి అని అరిచినట్టు అందుకున్నాడు.

"పై మొత్తం పూర్తిగా నా అల్లుడి సొంత డబ్బు! దాని మీద నాకు ఎటువంటి హక్కూ లేదు!"

ఆఫీసు మొత్తం గప్‌చుప్ అయిపోయింది. కొత్తగా అప్పు కోసం వచ్చిన జంట ఫారం నింపడం ఆపేశారు. సెక్యూరిటీ ఆయన తలుపు తీసి పట్టుకుని, మూయడం మరిచి అలాగే నిలబడ్డాడు.

"ఎవురి డబ్బు?"

"అల్లుడి డబ్బు!"

"ఏ అల్లుడు?"

"ఈ అల్లుడే!"

మామ నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూశాడు. "రే అబ్బయా, గుంటలు నువ్వమ్మినావా?"

నేను నోరు తెరిచేలోపు ఆయన ఆ జంట వైపు తిరిగిపోయాడు. తెల్లమచ్చ తెగులొచ్చి పంటంతా పోయిన ఏడు, కరెంటు పోతే గుంటల నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయని జనరేటర్ పక్కనే మంచం వేసుకున్న రాత్రులు, మేత ధర, ఐసు ధర, అన్నీ వాళ్ళకు వివరంగా చెప్పాడు. ఆ అమ్మాయి పాపం ఊఁ కొడుతూనే ఉంది.

గొడవకు మేనేజరు లోపల్నుంచి వచ్చి, సర్దుబాటు చేద్దామని, "పోనీ పెద్దాయనా, అల్లుడికి అప్పుగా ఇచ్చానని రాయండి" అన్నాడు, మామూలు గొంతుతోనే.

మిషను లేకుండానే ఇది మాత్రం వినపడింది.

"అప్పా? అప్పయితే ప్రోనోటు రాయాల. మా ఊళ్ళో రెండ్రూపాయల వడ్డీ."

రెండు రూపాయలంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. నేను వదిలించుకోవడానికి వచ్చింది ముప్పావలా వడ్డీని. ఊఁ కొడుతున్న అమ్మాయి జాలిగా, "అన్నా, నువ్వా లోనే ఉంచుకో" అంది.

తర్వాతి సంగతులు వదిలేద్దాం. జరిమానా పడలేదు, అప్పు తీరింది. ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటిందా లేదా అన్నది మా ఇంటి విషయం.

వచ్చేటప్పుడు ఒరిజినల్ దస్తావేజులు ఎప్పుడిస్తారని అడిగాను. హెడ్డాఫీసు నుంచి రావాలి, టైం పడుతుందన్నాడు కుర్రాడు. ఒళ్ళు మండి, అప్పు తీరిన 30 రోజుల్లో ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీరే నాకు కట్టాలని రిజర్వు బ్యాంకు 2023లోనే చెప్పిందని గట్టిగానే అన్నాను. కాస్త ఎక్కువ గట్టిగా అన్నట్టున్నాను.

మామ జేబులోంచి మిషను తీసి, రబ్బరు బ్యాండు విప్పి, చెవికి పెట్టుకున్నాడు.

"రోజుకు ఐదు వేలా? అయితే తొందరేం లేదు నాయనా, నింపాదిగానే పంపించమను."