కుంగదలచిన నేలకు కొన్ని నిబంధనలు

బెంగళూరులో ఇల్లు కట్టి అద్దెకిచ్చిన తెలుగువారందరి పక్షాన, మన ఇళ్ల కింది నేలకు కొన్ని నియమాలను సవినయంగా తెలియజేయవలసి వచ్చింది. కుంగడం, మానడం నేల ఇష్టం. అయితే కుంగే ముందు బీమా పాలసీని ఒకసారి చదువుకుంటే ఉభయులకూ క్షేమం.

సాధారణ బీమా కంపెనీలు 2021 ఏప్రిల్ 1 నుంచి అందిస్తున్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో, ఇంటి కింది నేల కుంగడం కూడా పరిహారం దక్కే ఆపదల జాబితాలోనే ఉంది. ఆ వాక్యం దగ్గరే పాలసీని మూసేసిన యజమాని అదృష్టవంతుడు. తరువాతి పంక్తుల ప్రకారం, కొత్త కట్టడం సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు పగుళ్లకు, పూడ్చిన నేల కదలికకు, లోపమున్న డిజైనుకు, నాసిరకం సామగ్రికి, పనితనపు లోపాలకు, నిర్మాణ పనులకు, తవ్వకాలకు పరిహారం వర్తించదు. అంటే నేల ఎవరి ప్రమేయమూ లేకుండా, పూర్తిగా స్వబుద్ధితో కుంగాలన్నమాట. ధర్మాంబుధి చెరువులో కెంపేగౌడ బస్‌స్టేషను, సంపంగి చెరువులో కంఠీరవ స్టేడియం, కోరమంగళ చెరువులో 1997 నాటి జాతీయ క్రీడాగ్రామం వెలసిన ఊరిలో, ఎన్నడూ పూడ్చని నేలను వెతికి దాని మీదే ఇల్లు కట్టుకోవలసిన బాధ్యత, సహజంగానే, పాలసీదారుదే. పక్క స్థలంలో రెండంతస్తుల కారు పార్కింగు కోసం జేసీబీ దిగినప్పుడు మన నేల నిగ్రహం పాటించాలని ప్రత్యేకంగా మనవి.

అద్దెదారులకూ కొన్ని బాధ్యతలున్నాయి. కిటికీ మూల నుంచి మెట్లుమెట్లుగా ఏటవాలు పగులు పాకుతోందనీ, పడకగది తలుపు పట్టేస్తోందనీ వారు ఫోను చేసినప్పుడు, వానాకాలం కదా, చెక్క ఉబ్బిందని మనం చెప్పే శాస్త్రీయ సమాధానాన్ని వారు గౌరవించాలి. పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్కను అతికించి కొన్ని నెలలు గమనించాలనీ, అది పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టేననీ ఇంజనీర్లు చెబుతారు. అలాగైతే మందపాటి గాజు పెట్టించండని మేస్త్రీకి పురమాయించే యజమానులు మనలో లేకపోలేదు.

పాలసీ ఒప్పుకున్న కారణాల వల్లనే ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోతే, కోల్పోయిన అద్దె కూడా వస్తుంది. అద్దెదారు బీరువా, టీవీ మాత్రం మన పాలసీలోకి రావు. వాటికి ఆయన వేరే బీమా చేయించుకోవాలి. ఈ సంగతి అగ్రిమెంటులో రాయడం మంచిదే కానీ, పది నెలల అడ్వాన్సు అడుగుతున్న శుభవేళ గోడ కూలే ప్రస్తావన తేవడం మర్యాద కాదు.

ఇక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరిట ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడి ఆచారం. ఆ డబ్బుతో పగులును పుట్టీతో పూడ్చి, పైన రెండు పూతల రంగు వేయించి, కొత్తవారిని దింపుతాము. మళ్లీ గోడ విడినప్పుడు బీమా సర్వేయరు వచ్చి, ఈ పగులు మొదట ఎప్పుడు కనిపించిందో, పాత ఫొటోలేమైనా ఉన్నాయో అడుగుతాడు. ఫొటోలు ఖాళీ చేసి వెళ్లిన అద్దెదారు ఫోనులో భద్రంగానే ఉన్నాయి. ఆయనకు మనం అడ్వాన్సులో మిగిలింది ఇంకా తిరిగివ్వలేదు.