‘క్యారీ ఔట్’ చేసిన నేరం

అకడమిక్ ఇంగ్లిష్ ఇంత సులువని తెలియక మన పెద్దలు అనవసరంగా చదువుకున్నారు. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఎల్‌టీఎస్‌కి కోచింగులిచ్చే వాళ్లు ఫోన్లలోకి ఎక్కిస్తున్న జతలాట చూడండి. తెర మీద పదహారు ముక్కలు: ఎనిమిది క్రియలు, ఎనిమిది నామవాచకాలు. ఇంగ్లిష్‌లో ఏ క్రియ ఏ నామవాచకంతో కలిసి నడుస్తుందో జత కట్టాలి. టైము 60 సెకన్లు, ప్రాణాలు మూడు. ‘పోజ్’ని ‘థ్రెట్’ మీదికి లాగితే టింగుమని నాణేలు రాలతాయి. చివరి జత గురించి బెంగ అక్కర్లేదు. ఏడు కుదిరాక ఎనిమిదోది, పెద్దలు ఖాయం చేసిన సంబంధంలా, దానంతటదే కుదురుతుంది.

2013లో ఆకర్‌మన్, చెన్ అనే ఇద్దరు పరిశోధకులు అకడమిక్ రాతల్ని కంప్యూటర్‌తో జల్లెడపట్టి, ఆపైన నిపుణులతో ఏరించి, రెండున్నర వేలకు కాస్త తక్కువ పదజంటలతో జాబితా కట్టారు, పాపం. ఆట కట్టినవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది? ఒక్కో క్రియకు ఒక్కో నామవాచకాన్ని రాసిచ్చేశారు. ఏకపత్నీవ్రతం.

ఇక ఈ ఆట ఆడే కుర్రాడు ‘క్యారీ ఔట్’ని తీసుకెళ్లి ‘రీసెర్చ్’ మీద పెట్టాడు. బుర్ర్! ఒక ప్రాణం పోయింది. ‘రీసెర్చ్’ని ‘కండక్ట్’కి ఎప్పుడో ఇచ్చేశారట. ‘క్యారీ ఔట్’ వెళ్లి ‘సర్వే’తో కాపురం చేసుకోవాలి. సరే, ‘రీచ్’ని ‘కన్‌క్లూజన్’ దగ్గరికి పంపాడు. బుర్ర్! ‘కన్‌క్లూజన్’ని ‘డ్రా’ చేయాలి, ‘రీచ్’కి ‘అగ్రిమెంట్’ ఉంది. వాడు పెట్టిన రెండూ నిక్షేపంలాంటి ఇంగ్లిష్. మూడో ఆటకి వాడు చదవడం మానేశాడు, ఏది ఎర్రబడిందో గుర్తుపెట్టుకుంటున్నాడు. నాణేలు 400 దాటాయి.

అసలు జబ్బు వేరే చోటుంది. తెలుగులో పరిశోధనా ‘చేస్తాం’, తప్పూ ‘చేస్తాం’, ప్రయత్నమూ ‘చేస్తాం’, స్నానమూ ‘చేస్తాం’. అందుకే మనవాడి కలం నుంచి ‘మేక్ ఎ రీసెర్చ్’ జారుతుంది. ‘మేక్’ తప్పు, ఆ ‘ఎ’ ఇంకో తప్పు. ఆటలో ‘రీసెర్చ్’ పక్కన ‘మేక్’ ముక్క ఎప్పుడూ రాదు, ‘ఎ’కి అసలు చోటే లేదు. ‘యాక్సెస్’ వెనక ‘టు’, ‘ఇంపాక్ట్’ వెనక ‘ఆన్’ కూడా ముక్కలో పట్టలేదని కత్తిరించారు.

తెర మీంచి క్రియలు పీకేయండి. ‘ది టీమ్ ... రీసెర్చ్ ఆన్ 200 ఫార్మర్స్’ అని ఖాళీ వదిలి, టైపు చేయించండి. ‘కండక్టెడ్’, ‘క్యారీడ్ ఔట్’, ‘అండర్‌టుక్’ మూడూ ఒప్పుకోండి. ‘మేడ్’ కొడితే ఎందుకు తప్పో ఒక్క లైను చూపించండి. రోజుకు ఎనిమిది చాలు. అవే మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి మళ్లీ అడగండి. ఇంత చిన్న పని చేయరు. చేస్తే పిల్లలు తడబడతారు, నాణేలు రాలవు, పక్క సెంటర్‌కి పోతారని భయం.

అసలు పరీక్షలో, రైటింగ్ టాస్క్ టూ అనే వ్యాసంలో, 40 నిమిషాల్లో కనీసం 250 మాటలు రాయాలి. పావు వంతు మార్కులు పదసంపదకే. తెల్లకాగితం మీద పదహారు ముక్కలేవీ తేలవు. తండ్రి అప్పు చేసి కట్టిన ఫీజుతో మీరు వాడికి నేర్పిందేమిటయ్యా? ఒప్పు రాస్తే భయపడటం! సిగ్గుండక్కర్లా?

వాడు పరీక్ష హాల్లో ‘మేక్ ఎ రీసెర్చ్’ రాస్తున్న వేళ, బయట సంచీలో ఫోను మెరుస్తుంది: ‘మీ 21 రోజుల వరుస తెగిపోతోంది, వచ్చి ఆడండి!’