డెసీలీటరు గారికి ఒంగోలు నుంచి

అయ్యా డెసీలీటరు గారూ,

తమరి పేరు మొదట విన్నది బడిలో. కిలో, హెక్టో, డెకా, లీటరు, ఆ కింద మెట్టు మీద తమరు, తమరి కింద సెంటీ, మిల్లీ. దిగితే పదితో గుణించు, ఎక్కితే పదితో భాగించు. బెత్తానికి భయపడి వల్లెవేశాం గానీ, బడి దాటాక తమరు ఎక్కడా తగల్లేదు. "రెండున్నర డెసీలీటర్లు పాలు పొయ్యి" అన్నవాడు ఈ జిల్లాలో పుట్టలేదు. బ్రాందీ షాపులో 180 మిల్లీ సీసా క్వార్టరు. నాలుగు కలిపితే 720, ఫుల్లేమో 750. ఆ 30 ఏమైందని అడగాల్సినవాడు అప్పటికి లెక్కలు చేసే స్థితిలో ఉండడు.

కొత్తపట్నం వైపు రొయ్యల రైతుని చూడండి. హెక్టారు చెరువు, మీటరు లోతు నీళ్లు అంటే కోటి లీటర్లు. పదిలక్షల్లో ఒక వంతు మందు కలపాలంటే పది లీటర్లని గట్టు మీదే చెప్పేస్తాడు. తమరి ఊసే రాదు.

మరి తమరు కాపురం పెట్టింది ఎక్కడయ్యా అంటే, రక్తపరీక్ష కాగితంలో! పరగడుపు షుగరు 126, పక్కన చీమతలకాయంత అక్షరాల్లో mg/dL, అంటే పైన మిల్లీగ్రాములు, గీత కింద తమరు. లీటరుకి మార్చబోతే బడి సూత్రం తిరగబడింది. తమరు గీత కింద కూర్చున్నారు కాబట్టి మెట్టెక్కినా గుణించాలట. 1260! గుండె జారింది. తీరా ఒంట్లో రక్తం అయిదు లీటర్లనుకుని లెక్కేస్తే, మొత్తం చక్కెర ఆరు గ్రాముల పైచిలుకు. నెల్లూరు మలైకాజా ఒక్కదానికి చాలదు. దీనికా ఇంత రాద్ధాంతం!

కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడు లీటరు లెక్కనే చెబుతారు, ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగొద్దంటారు. అక్కడ తమరు దూరితే అది 0.15 అయ్యేది, ఎవడూ లెక్కచేసేవాడు కాదు. లండన్లో ఉన్న మా మేనల్లుడికీ నా అంత షుగరే. అక్కడ తమరి పెత్తనం లేదు, బరువు బదులు అణువుల్ని లెక్కగట్టి లీటరుకి ఇన్ని మిల్లీమోల్స్ అంటారట. వాడి కాగితంలో 7 అని ఉంది. మా అక్క ఊరంతా చెప్పుకుంటోంది, "మావాడికి ఏడేనమ్మా, మా తమ్ముడికే నూటిరవై ఆరు" అని.

కాబట్టి మనవి. ఉంటే పాలకొట్లో కూడా ఉండండి, లేదా ల్యాబు ఖాళీ చెయ్యండి. రెండూ కుదరవంటే రేపు పరగడుపున వస్తున్నాను, రెండంకెలు దాటకుండా చూసుకోండి.

ఇట్లు,
కాజా మానని ఒంగోలువాడు