గోడ వంకర, మనిషి ముక్కుసూటి

మా ఇంట్లో నాకు ముక్కుసూటి మనిషి అని పేరు. ఆ బిరుదు ఇచ్చుకున్నది నేనే. పాతికేళ్ళుగా కాపాడుకుంటూ వస్తున్నదీ నేనే. పెళ్ళి భోజనాల్లో పప్పులో ఉప్పు లేదన్న సంగతి పెళ్ళికూతురి తండ్రికి వినబడేలా చెప్పాను. తోడల్లుడి గృహప్రవేశానికి వెళ్ళి, "ఇంతకీ ఇది హాలా, వరండానా?" అని అడిగాను. ఎవరు నొచ్చుకున్నా "ఏమనుకోకండి, నాది ముక్కుసూటి స్వభావం" అనేస్తే సరిపోయేది. అంతా సవ్యంగా జరిగిపోతున్న సమయంలో ఒక సీటీ స్కాన్ వచ్చి నా పరువు తీసింది.

రాత్రిళ్ళు ముక్కు మూసుకుపోతోంది. నా గురక భరించలేక మా ఆవిడ దిండు చంకలో పెట్టుకుని హాల్లోకి మకాం మార్చింది. చివరికి చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఫిల్ము లైటుకు ఎదురుగా పెట్టి, "డీఎన్ఎస్ అండీ. ముక్కు మధ్య గోడ ఎడమకి బాగా వంగిపోయింది" అన్నాడు.

"అంటే ఈయన ముక్కే సూటిగా లేదన్నమాట" అంది మా ఆవిడ. ఆ గొంతులో అంత సంతోషం మా అబ్బాయికి ఉద్యోగం వచ్చినప్పుడు కూడా వినలేదు.

"ఈయనదే కాదమ్మా, నిటారుగా ఉండే గోడలే తక్కువ. చాలామందికి ఎంతో కొంత వంకర ఉంటుంది. ఇబ్బంది పెడితేనే దాని జోలికి వెళ్తాం" అన్నాడాయన.

పాఠకులు ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదని మనవి. తెలుగువాళ్ళు నిజాయితీని కొలవడానికి తరతరాలుగా వాడుతున్న కొలబద్దే వంకర! తాలూకా సెంటరులో ఉల్లిపాయల బండివాడి తక్కెడ కాస్త ఒరిగితే కేసు రాసే తూనికలు కొలతల శాఖవారు ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నట్టు? కవులదీ తప్పుంది. నంది తిమ్మనకి ముక్కు తిమ్మన అని పేరు తెచ్చింది ముక్కు మీద చెప్పిన పద్యమేనంటారు. సంపెంగ పువ్వుతో పోల్చి చేతులు దులుపుకున్నారే గానీ లోపలికి తొంగి చూసినవాడు లేడు.

అందుకని నేనే చూశాను. ఆ గోడ ఒక్క మేస్త్రీ కట్టింది కాదు. ముందుభాగం మెత్తటి మృదులాస్థి, నాలుగు మూలల పలక. దాని వెనక, పైనుంచి దిగే పల్చటి రేకు ఎథ్మాయిడ్ అనే ఎముకది. నెత్తిన సన్నటి కన్నాలు ఉంటాయి కాబట్టి గ్రీకులో దాని పేరుకి జల్లెడలాంటిది అని అర్థం. వాసన తెచ్చే నరాలు ఆ కన్నాల్లోంచే మెదడులోకి దూరుతాయి. వెనక కింది భాగం వోమర్ అనే ఎముక. లాటిన్‌లో ఆ మాటకి నాగలి కర్రు అని అర్థం. ఇక అడుగున పై దవడ ఎముక, అంగిలి ఎముక కలిసి ఒక సన్నటి గట్టు పోస్తాయి. గోడంతా ఆ గట్టు మీదే నిలబడాలి.

గట్టు ఉంది, నాగలి ఉంది, అటొకరూ ఇటొకరూ ఇద్దరు వాటాదారులున్నారు. తగాదా రాక ఏమవుతుంది?

అందులోనూ ఇంతమంది కంట్రాక్టర్లు. మృదులాస్థి ఒక లెక్కన పెరుగుతుంది, ఎముకలు ఇంకో లెక్కన పెరుగుతాయి. పుట్టేటప్పుడు పడ్డ ఒత్తిడి కొంత, చిన్నప్పుడు గోలీలాటలోనో కబడ్డీలోనో తగిలిన దెబ్బ కొంత. మొత్తానికి పలక గట్టు మీదినుంచి పక్కకి జారుతుంది. నా పసితనంలో నీళ్ళు పోసిన మామ్మ, ముక్కు కోటేరులా రావాలని రోజూ నూనె చేత్తో సాగదీసేదట. పాపం ఆవిడ బయటి ఎలివేషన్ చూసుకుంది. లోపలి గోడ ఆవిడ చేతిలో లేదు.

ఇప్పుడు అసలు ఆక్రమణ సంగతి. గోడ ఎడమకి జరిగితే కుడివాడికి స్థలం కలిసొస్తుంది. కలిసొచ్చిన స్థలాన్ని ఖాళీగా వదిలేసే అలవాటు మనకి లేదు, మన ముక్కుకీ లేదు. ముక్కు పక్క గోడల నుంచి అరుగుల్లా మూడేసి ఎముకలు పొడుచుకొస్తాయి. టర్బినేట్లంటారు. వాటి మీది పొర నిండా రక్తనాళాలే. లోపలికొచ్చే గాలిని వెచ్చచేసి, తడిచేసి పంపడం వాటి ఉద్యోగం. కుడివైపు జాగా దొరకగానే అక్కడి కింది అరుగు మెల్లగా లావెక్కింది. మా వీధిలో మెట్లు రోడ్డు మీదికి జరిగినట్టే, ఎవరికీ కనబడకుండా. ఫలితం, ఎడమవైపు గోడ అడ్డం, కుడివైపు అరుగు అడ్డం. నోరు తెరిచి పడుకోవడమే నాకు మిగిలిన దారి హక్కు, కోర్టు భాషలో ఈజ్‌మెంట్.

ఆరోగ్యంగా ఉన్న ముక్కులో కూడా గాలి వంతుల మీదే నడుస్తుంది. ఒకవైపు పొర ఉబ్బినప్పుడు రెండోవైపు తగ్గుతుంది, కొన్ని గంటలకి తారుమారవుతుంది. 1895లో రిచర్డ్ కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరించాడు. మన యోగులు అంతకు చాలా ముందే ఎడమ ఊపిరికి ఇడ, కుడి ఊపిరికి పింగళ అని పేర్లు పెట్టి, ఏ స్వరం ఆడుతుంటే ఏ పనికి బయల్దేరాలో కూడా చెప్పారు. నా ఎడమవైపు మాత్రం కాలువ చివరి భూమి. వంతు వస్తుంది, నీళ్ళు రావు.

పోనీ డ్రైనేజీ అయినా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. ముక్కు చుట్టూ నాలుగు జతల గాలి గదులున్నాయి, సైనస్‌లు. వాటిలో పెద్దవి చెంపల వెనకవి. గదికి తూము ఎక్కడ పెడతాం? నేలకి. ఇక్కడ పెట్టింది దాదాపు పైకప్పు దగ్గర! రోడ్డు కంటే ఎత్తులో మురుగు కాలువ కట్టిన మున్సిపల్ ఇంజనీర్లను ఇన్నేళ్ళూ నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్ళకి ఇంత ప్రాచీనమైన ఆదర్శం ఉందని తెలియక. అడుగున చేరిన చీమిడిని శైలికలనే సూక్ష్మమైన వెంట్రుకలు పగలూ రాత్రీ పైకి ఎత్తి తూము దాటిస్తుంటాయి. జీతం పెంచమని అవి ధర్నా చేసే రోజునే మనం జలుబు అంటాం. ఇది చాలదన్నట్టు కంటి కాలువ కూడా తెచ్చి ముక్కులోనే కలిపారు. సీరియల్ చూస్తూ మా ఆవిడ చీదేదాంట్లో సగం కన్నీళ్ళే. ఏడుపు విషయంలో ఆవిడ సిన్సియారిటీని శంకించినందుకు ఇందుమూలంగా క్షమాపణ చెబుతున్నాను.

బిరుదు మాత్రం వదులుకోను. ముక్కుసూటి అంటే ముక్కు ఎలా ఉంటే అలా పోవడమని అర్థం. నా ముక్కు ఎడమకి వంగింది, నేనూ అలాగే పోయాను. ఇంతకంటే సూటితనం ఏముంటుంది? ఈ వాదన మా తోడల్లుడికి ఫోనులో అరగంట వినిపించాను. "హాలేనండీ అది" అని పెట్టేశాడు.

చివరికి ఆపరేషనుకే ఒప్పుకున్నాను. కోత లోపలినుంచే, బయటి ముక్కు ఆకారం మారదన్నారు. వంగిన ముక్క సరిచేస్తారు, అరుగు తగ్గిస్తారు. అంచనా కాగితం చూశాక ముక్కు పిండి వసూలు చేయడమంటే ఏమిటో తెలిసింది.

మొన్న సోమవారం సంచీ సర్దుకుని బయల్దేరుతుంటే సరిగ్గా గుమ్మంలో తుమ్మాను. ఒంటి తుమ్ము. ఎడమవైపు పూర్తిగా మూసుకుపోయింది గనక శాస్త్రప్రకారం అది సగం తుమ్మే అవుతుందని వాదించాను. మా ఆవిడ వినలేదు. వెనక్కి తిరిగి కాళ్ళు కడుక్కుని, చెరో గ్లాసు మంచినీళ్ళు తాగి కూర్చున్నాం. ఆపరేషన్ వచ్చే గురువారానికి వాయిదా పడింది.