పట్టూ విడుపూ తెలియని నట్టు గారికి

మహారాజశ్రీ నట్టు గారి సముఖమునకు,
కొలువు: బొమ్మ లారీ, ముందు ఇరుసు, ఎడమ చక్రం కీలు.

ఆర్యా,

తమరి పెత్తనం కింద నలిగిపోతున్న వాళ్ళందరి తరఫునా ఈ విన్నపం. అందరూ అంటే బెజ్జాల పట్టీలు, మడత రేకులు, పళ్ళ చక్రాలు, ఇరుసు కడ్డీలు, చివరగా నేను. ముక్కలన్నీ నట్లూ బోల్టులతో బిగించి మనమే కట్టుకోవలసిన లారీ ఇది. పెట్టె మీది బొమ్మలో లారీ ఎర్రగా మెరిసిపోతూ కొండదారిలో మలుపు తిరుగుతోంది. మా లారీకి అన్నీ ఉన్నాయి, మలుపు తిరగడం ఒక్కటే లేదు. దీనికి బాధ్యులు మోటారు గారు కారు, చక్రాలు కావు. తమరే.

బిగిస్తే స్టీరింగు కొయ్యబారిపోతుంది. పోనీ పాపమని రవ్వంత వదిలితే చక్రం హాయిగా ఆడుతుంది. దాంతోపాటు తమరూ ఆడతారు. పట్టీ అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఆ రాపిడికి కొద్దికొద్దిగా తిరుగుతూ, మర చివరిదాకా వచ్చి, చెప్పాపెట్టకుండా బోల్టు దిగి వెళ్ళిపోతారు. తమ జాతిలో నాలుగు పలకల వారున్నారు, ఆరు పలకల వారున్నారు. గుణం మాత్రం ఒకటే.

ఎంత బిగించాలో సూచనల పుస్తకాన్ని అడుగుదామంటే అందులో అక్షరం ముక్క లేదు, అన్నీ బొమ్మలే. ఏ బోల్టు ఏ బెజ్జంలోకి వెళ్ళాలో బాణం గీసి మరీ చూపిస్తారు. వేలితో తిప్పి వదలాలా, పానాతో పీక పట్టుకోవాలా అన్నది బాణానికి తెలియదు. బిగింపుకు బొమ్మ గీయగల చిత్రకారుడు ఇంకా పుట్టినట్టు లేడు.

తమ వంశ ప్రతిష్ఠ తెలియక నోరు పారేసుకుంటున్నానని అనుకోవద్దు. లివర్‌పూల్‌లో మాంసం దిగుమతి చేసే వ్యాపారి దగ్గర గుమాస్తాగా పనిచేసే ఫ్రాంక్ హార్న్‌బీ, తన పిల్లల కోసం లోహపు రేకును పట్టీలుగా కత్తిరించి, అర అంగుళానికొకటి చొప్పున బెజ్జాలు పొడిచి, తమబోటి వారి సాయంతో క్రేనులు కట్టాడు. 1901లో పేటెంటు తెచ్చుకున్నాడు. 1907లో ఆ సరుకుకు మెకానో అని పేరు పెట్టాడు. 1931లో ఏకంగా బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. తమరిని నమ్ముకున్న ఒక గుమాస్తా సీటు సంపాదించాడు. మేము స్టీరింగు దగ్గరే ఆగిపోయాం.

అయితే ఆ అర అంగుళానికి మాత్రం చెయ్యెత్తి మొక్కాలి. 19 పళ్ళ చిన్న చక్రాన్నీ 57 పళ్ళ పెద్ద చక్రాన్నీ తీసుకుని, సరిగ్గా ఒక అంగుళం ఎడంగా, అంటే ఒక బెజ్జం వదిలి తర్వాతి బెజ్జంలో, రెండు కడ్డీల మీద ఎక్కిస్తే పళ్ళకు పళ్ళు అతికినట్టు కలుస్తాయి. చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు. వేగం మూడోవంతుకు పడిపోతుంది, తిప్పే బలం సుమారు మూడింతలవుతుంది. బరువు లాగే లారీకి కావలసింది అదే కదా! కాగితం, పెన్సిలు అక్కర్లేదు, బెజ్జాలు లెక్కపెట్టుకుంటే చాలు. ఇంత ముచ్చటైన ఏర్పాటును చెడగొట్టడానికి ఎవరైనా ఉండాలి కాబట్టి తమ సోదరులు ఉన్నారు. చట్రం మీద ఒక్కొక్క నట్టునూ వచ్చినవాణ్ణి వచ్చినట్టే పానా వేసి బిగించేస్తే, ఆ చట్రం వంకరగానే గట్టిపడుతుంది. ఆఖరి కడ్డీ ఎదురు బెజ్జంలో దూరనంటుంది, దూరినా గేర్లు మూలుగుతాయి. అసలు పద్ధతి వేరు. అందరినీ వేళ్ళతో వదులుగా నిలబెట్టి, కడ్డీలన్నీ దూర్చి, అవి తేలిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాతే పానా తీయాలి. ఈ ఒక్క ముక్క పుస్తకం మొదటి పేజీలో వేసి ఉంటే సగం లారీలు ఈపాటికి రోడ్డెక్కేవి.

చక్రాన్ని కడ్డీకి పట్టి ఉంచే కాలరులో నక్కి ఉండే తల లేని స్క్రూ గారికి వేరే ఉత్తరం రాయాలి. మోటారు గిరగిరా తిరుగుతుంటే చక్రం తపస్సు చేసుకోవడం ఆయన చలవే. ఆ సంగతి తర్వాత.

తమ వంశం దాచిన రహస్యం ఇంకొకటుంది, ఇది నలుగురికీ తెలియాలి. నాలుగు పట్టీలు తీసుకుని నాలుగు మూలలా నలుగురిని నియమిస్తాం. చూడటానికి దివ్యమైన చట్రం. పక్కనుంచి కాస్త గట్టిగా నెడితే ఒరిగిపోతుంది. మూలకొక్కరే ఉన్నప్పుడు ఎంత పళ్ళు బిగబట్టి పట్టుకున్నా అంతే. ఐదో పట్టీని ఐమూలగా వేస్తే చట్రం రెండు త్రిభుజాలవుతుంది. త్రిభుజం నట్లు వదులుగా ఉన్నా ఒరగదు. కష్టపడింది అడ్డపట్టీ, పేరు మాత్రం తమది. చట్రం గట్టిగా ఉందంటే ‘బాగా బిగించారండీ’ అంటారు గానీ అడ్డపట్టీని మెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఇక అసలు గొడవకు వస్తాను. ముందు చక్రాలు రెండూ ఒకే కోణంలో తిరగకూడదట. మలుపులో లోపలి చక్రం తిరిగే వలయం చిన్నది, బయటి చక్రానిది పెద్దది. అందుకని లోపలిది ఎక్కువ తిరగాలి, బయటిది తక్కువ. గుర్రపు బండ్ల కాలంలో మ్యూనిక్‌లో లాంకెన్‌స్పెర్గర్ ఈ కిటుకు కనిపెట్టాడు. 1818లో లండన్‌లో అకర్‌మన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. పేరు అకర్‌మన్‌కే దక్కింది, అడ్డపట్టీకి చుట్టం అన్నమాట లాంకెన్‌స్పెర్గర్. బొమ్మ లారీలో ఇది చేయడం పెద్ద కష్టమేం కాదు. చక్రాల నుంచి వెనక్కి వచ్చే చేతులను కాస్త లోపలికి వంచి, వాటిని కలిపే పట్టీని ఆ మేరకు పొట్టిగా వేస్తే చాలు. కానీ ఆ పట్టీకి ఆ చివర తమరు, ఈ చివర తమ తమ్ముడుంగారు!

నిజం లారీల్లో ఇదే చోట ఉండే తమ పెద్దల గతి ఏమిటో తెలుసా? చాలా వాటిలో నట్టు నెత్తిన గాడులు కోసి, బోల్టు మరకు అడ్డంగా బెజ్జం వేసి, రెంటిలోంచీ పిన్ను దూర్చి, దాని కాళ్ళు విరిచి వంచేస్తారు. వెళ్ళిపోవాలన్న ఊహే రాకుండా సంకెళ్ళన్నమాట. అంత దౌర్జన్యం మాకు చేతకాదు. మా దగ్గర ఉన్నది పాత చిట్కా ఒక్కటే: తమరి నెత్తిన ఇంకొకరిని కూర్చోబెట్టడం. తమరిని పట్టీకి తగిలీ తగలకుండా ఆపి, కదలకుండా ఒక పానాతో పట్టుకుని, రెండో నట్టును ఇంకో పానాతో తమరి మీదకు బిగించాలి. ఇద్దరు అధికారులు ఒకరినొకరు నెట్టుకుంటూ ఉంటే ఇద్దరూ ఉన్నచోటు నుంచి కదలరు, కింద పట్టీ మాత్రం దాని పని అది హాయిగా చేసుకుంటుంది. ఆఫీసుల్లో ఇదే ఏర్పాటు చూసి ఇన్నాళ్ళూ తిట్టుకున్నాం, అందులోనూ ఒక ఇంజనీరింగు ఉందన్నమాట.

చిక్కల్లా ఏమిటంటే దీనికి పానాలు రెండు కావాలి. పెట్టెలో పెట్టింది ఒక్కటి. అదీ రేకు ముక్క. పైగా తమరి కొలువు చక్రానికీ చట్రానికీ మధ్యన, వేలు పట్టని సందులో. వేలి చివర జిగురు టేపు ముక్క తిప్పి అంటించుకుని, దాని మీద తమరిని ఊరేగిస్తూ బోల్టు ముఖందాకా తీసుకురావాల్సి వస్తోంది. తీరా వచ్చాక మర అందుకోకుండా టేపునే పట్టుకుని వేలాడటం తమ హోదాకు తగునా?

రెండో పానా దొరికేవరకు తమరితో గొడవ పెట్టుకునే ఓపిక మాకు లేదు. తమరిని ప్రస్తుతానికి పూర్తిగా బిగించేశాం. లారీ తిన్నగా పోతోంది, తిన్నగానే వెనక్కి వస్తోంది. చూడవచ్చినవాళ్ళు మలుపు తిప్పమని అడిగితే ఇది రైలని చెబుతున్నాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ఏకైక పానాదారు